చూడి గొర్రె ఆకలి, పిల్ల మెదడు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. అరవై జీవాల మంద ఉంది. పోయిన ఏడాది వానలు లేక, బీళ్లలో మేత దొరకక చూడి గొర్రెలు బాగా చిక్కిపోయాయి. అప్పుడు పుట్టిన పిల్లల్లో నాలుగైదు ఇప్పటికీ మొద్దుగా ఉన్నాయి. అదిలిస్తే మంద అంతా ఒక పక్కకు కదులుతుంది, ఇవి మాత్రం నిలబడి చూస్తుంటాయి. చిన్నప్పుడు తిండి లేని ఎలుకలకు మెదడు ఎదగదని, వీటికీ అదే జరిగిందని డిగ్రీ చదివే మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? ఇప్పుడు దాణా పెడితే బాగవుతాయా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఎలుకల విషయంలో మీ అబ్బాయి మాట నిజమే. 1966లో వినిక్, నోబుల్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు వేర్వేరు వయసుల్లో తిండి తగ్గించి చూశారు. పుట్టిన మొదటి 21 రోజుల్లో తగ్గించినప్పుడు మెదడులో కణాల సంఖ్యే తగ్గిపోయింది, ఆ తరువాత కడుపునిండా పెట్టినా ఆ లోటు పూడలేదు. పాలు మానిన తరువాత తగ్గించినప్పుడు మాత్రం మెదడు కణాలు చిన్నవయ్యాయే తప్ప వాటి సంఖ్య తగ్గలేదు. మళ్లీ మేపితే అవి కోలుకున్నాయి. కణాలు విభజన చెందుతున్న రోజుల్లో వచ్చిన ఆకలికీ, అవి పెరుగుతున్న రోజుల్లో వచ్చిన ఆకలికీ ఉన్న తేడా ఇది. ఎలుకలో చిన్నమెదడు కణాలు ఎక్కువగా పుట్టిన తరువాతే వృద్ధి చెందుతాయి కాబట్టి, ఒంటి అదుపును చూసే ఆ భాగమే ఎక్కువగా దెబ్బతింటుంది.

అయితే ఈ లెక్కను గొర్రెకు ఉన్నదున్నట్టుగా అన్వయిస్తే పొరపాటవుతుంది. మెదడు వేగంగా ఎదిగే కాలం ఒక్కో జంతువుకు ఒక్కో సమయంలో వస్తుందని డాబింగ్ అనే శాస్త్రవేత్త పోల్చి చూపించాడు: ఎలుకకు పుట్టిన తరువాత, పందికి పుట్టుకకు అటూ ఇటూ, గినీపందికీ గొర్రెకూ ఎక్కువ భాగం తల్లి కడుపులోనే. దీనికి రుజువు మీ దొడ్డిలోనే ఉంది. ఎలుక పిల్ల కళ్లు మూసుకుని, ఒంటిమీద వెంట్రుక లేకుండా పుడుతుంది. గొర్రెపిల్ల ఒళ్లు తడి ఆరకముందే, కాళ్లు వణుకుతున్నా లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుంది. ఎలుకకు పాలు తాగే మూడు వారాలు ఎటువంటివో, గొర్రెకు చూడి నెలలు అటువంటివి. ఆ నెలల్లో జరిగిన లోటును ఇప్పటి దాణా పూర్తిగా తీర్చలేదు.

అంతమాత్రాన ఆ పిల్లల మెదడు పాడైందని తేల్చకండి. చిక్కిపోయిన తల్లి పిల్లను సరిగా నాకదు, దగ్గరకు రానివ్వదు, ముర్రుపాలూ తక్కువే ఇస్తుంది. అలా మొదటి గంటల్లోనే వెనకబడ్డ పిల్ల నీరసంగా, ఒంటరిగా పెరుగుతుంది. తిండి తగ్గిన ఎలుక పిల్లలను చేతిలోకి తీసుకుంటూ, చుట్టూ సందడి ఉండేలా పెంచితే, పెద్దయ్యాక వాటి నడతలో కనిపించాల్సిన లోపాలు చాలావరకు కనిపించలేదని 1972లో లెవిట్‌స్కీ, బార్న్స్ చూపించారు. ఎలుకల ప్రయోగాల్లో గొర్రెల కాపరికి పనికివచ్చేది నా దృష్టిలో ఇదే. అందుచేత వాటిని విడిగా కట్టేయకుండా మందలోనే తిప్పుతూ, సాయంత్రం కొంచెం అదనంగా మేపండి.

ఒక్క సంగతి మాత్రం తప్పక చూడండి. పిల్ల నడిచేటప్పుడు వెనక కాళ్లు తడబడి నడుము ఊగుతుంటే, అది చూడి కాలంలో తల్లికి రాగి చాలకపోవడం వల్ల కావచ్చు. ఈ జబ్బుకు కారణం రాగి లోటేనని 1937లో ఆస్ట్రేలియాలో బెన్నెట్స్, చాప్‌మన్ గుర్తించారు. అప్పటికే నరాలకు కలిగిన నష్టం మళ్లీ పూడదు. అలాగని అంగట్లో రాగి ఉన్న మందు కొని పోయకండి. మిగతా పశువుల కన్నా గొర్రె రాగి విషానికి త్వరగా లొంగుతుంది. పశువైద్యుడికి చూపించి, ఆయన చెప్పిన మోతాదే ఇవ్వండి.

ఇక వచ్చే ఈతల సంగతి. పొట్టేలును మందలోకి వదిలిన తేదీని గోడమీదైనా రాసిపెట్టుకోండి. గొర్రె చూడి కాలం దాదాపు 150 రోజులు. కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే వస్తుంది. కాబట్టి ఆ తేదీ నుంచి నూరు రోజులు దాటగానే ఒక్కో చూడి గొర్రెకు రోజుకు పావుకిలో దాకా, ఉడికించిన ఉలవలు గానీ, తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన దాణా గానీ పెట్టండి. కరువు ఏడాదిలో వేరుశనగ కట్టె అంతా ఎద్దులకే పోతుందని తెలుసు. అయినా చూడి గొర్రెల కోసం ఒక చిన్న వామి పక్కకు తీసి ఉంచండి.