కొత్త సీరియల్ ఎలా ఉందో బీడీలు చుట్టే మా అవ్వను అడగండి

ప్రశ్న: కొత్తగా మొదలయ్యే టీవీ సీరియళ్లు, కామెడీ సిరీస్‌ల మీద విమర్శకులు రాసే రివ్యూలు చదివి, చూడాలో వద్దో తేల్చుకోవచ్చా?

సినిమాకైతే చదవండి, టికెట్ డబ్బులు మిగులుతాయి. ఓటీటీ సిరీస్‌కు చదివినా పెద్దగా పోయేదేమీ లేదు. సీరియల్‌కు మాత్రం వద్దు. ఎందుకంటే రివ్యూ రాసేవాళ్లు సీరియల్‌ను కళ్లతో చూసి రాస్తారు, సీరియల్ తీసేదేమో చెవులతో వినేవాళ్ల కోసం. ఈ ముక్క నాకు ఎవరో పుస్తకంలో చెప్పింది కాదు, మా ఇంట్లో కళ్లారా చూసింది.

మాది జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గర ఊరు. పెళ్లయి హనుమకొండకు వచ్చి 14 ఏళ్లయింది. మా వైపు ఆడవాళ్లలో సగం మంది బీడీలు చుడతారు, మా అవ్వ (మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం) ఇప్పటికీ చుడుతుంది. రాత్రి నానబెట్టిన తునికాకును పొద్దున తడిబట్టలోంచి తీయడం, రేకుముక్క కొలతగా పెట్టి కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, మూతి ముడవడం. 25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలు కడితే వెయ్యి. ఆ వెయ్యి పూర్తయ్యేసరికి రాత్రవుతుంది కాబట్టి సాయంత్రం నుంచి టీవీ మోగుతూనే ఉంటుంది. జెమినీలో చక్రవాకం వచ్చే రోజుల్లో నేను హైస్కూల్లో ఉన్నాను, అవ్వ పక్కన కూర్చుని బీడీల మూతులు ముడిచే పని నాది. ఆ సీరియల్ కథ నాకు ఈనాటికీ యాదికుంది గానీ, అందులో ఎవరి ఇల్లు ఎలా ఉండేదో, ఎవరు ఏ చీర కట్టుకునేవాళ్లో చెప్పమంటే చెప్పలేను. తల ఎత్తితే కదా!

అసలు సంగతి 2019 ఎండాకాలంలో జరిగింది. మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, అప్పట్లో ఒక వెబ్‌సైట్‌కు సినిమాలు, సిరీస్‌ల రివ్యూలు రాసేవాడు. తెలివైన పిల్లగాడు, బాగా చదువుకున్నాడు, ఆ మాట ముందే చెప్తున్నాను. పెళ్లికని ఊరికి వచ్చి మా ఇంట్లో దిగాడు. రాత్రి ఏడున్నరకు కార్తీకదీపం మొదలైంది. అవ్వ, ఇంకో ఇద్దరు వాడకట్టు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. వీడు ఫోన్ పట్టుకుని గడపలో నిలబడి కాసేపు చూసి, ఉండబట్టలేక అన్నాడు:

"పెద్దమ్మా, ఒక్క ముఖాన్ని మూడుసార్లు చూపిస్తున్నడు, ఒక్కటే మాట నాలుగుసార్లు అనిపిస్తున్నడు. గిది ఎట్ల చూస్తున్నవే?"

అవ్వ తల ఎత్తకుండానే, "చూసుడు ఎవలు చూస్తున్నరు బిడ్డా, ఇంటున్న" అంది. అని ఊరుకోలేదు, "ఊకె నిలవడకు, కూసుండి గీ ఆకు కత్తిరియ్యి" అని కత్తెర చేతికిచ్చింది.

వాడు కూర్చున్నాడు. ఆకు కత్తిరించడం చూడ్డానికి తేలికే, కానీ ఈనె ఎటు పోతుందో చూసుకోవాలి, చిరుగు ఉన్నచోట వదిలేయాలి, ఒక ఆకులో రెండు ముక్కలు వస్తాయా మూడా అని తిప్పి చూసుకోవాలి. కార్ఖానావాళ్లు ఆకు లెక్కపెట్టి తూకం వేసి ఇస్తారు, ఖరాబైన ఆకు భారం చుట్టేవాళ్ల మీదే పడుతుంది. రెండు ఆకులు పాడయ్యేసరికి అవ్వ వాడి చేతిమీద చిన్నగా కొట్టింది. ఇక వాడి చూపు టీవీ మీదికి పోలేదు. పది నిమిషాలు గడిచాయి. యాడ్స్ అయిపోయి మళ్లీ మొదలైంది, టీవీలో ఒక సంగీతం ముక్క దడదడమని మోగింది. వీడు తల వంచుకునే, "ఎవలు వచ్చిండ్రు?" అని అడిగాడు.

పక్కన కూర్చున్న ఆమె, "మోగింది ఇనవడలేదా? మోనిత వచ్చింది" అంది.

నాకు ఆ రోజు అర్థమైంది ఇదే. విలన్‌కు ఒక సంగీతం, అత్తకు ఒకటి, హీరో వస్తే ఒకటి. కంటితో చూసేవాళ్లకు అది గోల. ఒళ్లో చాట ఉన్నవాళ్లకు అది తలుపు చప్పుడు లాంటిది, ఎవరు లోపలికి వచ్చారో చెప్పేస్తుంది. ఒకే మాట మూడుసార్లు ఎందుకు అనిపిస్తారంటే మొదటిసారి అన్నప్పుడు దారం తెగి ఉంటుంది, రెండోసారి పొయ్యి మీద పాలు పొంగి ఉంటాయి, మూడోసారికి చెవిన పడుతుంది. నేనిప్పుడు హనుమకొండలో చపాతీలు చేస్తూ విన్నా అంతే, బట్టలు మడతపెడుతూ విన్నా అంతే. సాగదీస్తున్నారని రాసేవాళ్లలో ఒక్కరైనా పని చేసుకుంటూ ఒక ఎపిసోడ్ విని రాశారా? నాకైతే నమ్మకం లేదు.

పడుకునే ముందు మా తమ్ముడు నాతో నిజం ఒప్పుకున్నాడు. "అక్కా, నేను స్పీడ్ పెంచి చూసి రాసినవి చాలా ఉన్నయి" అన్నాడు. స్పీడ్ పెంచి చూసేవాడికి అన్నీ నెమ్మదిగానే ఉంటాయి మరి.

అలాగని సీరియళ్లన్నీ గొప్పవని నేను అనడం లేదు. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా నడిచింది, 1500 ఎపిసోడ్‌ల పైనే. దీప కన్న పిల్లలు తనవాళ్లు కాదని హీరో అనుమానపడే కథ అది. "ఒక డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే అయిపోయేది కదా" అని ఊరంతా అన్నారు, మా అవ్వ కూడా అంది, అంటూనే చూసింది. అది మలయాళంలో కరుత్తముత్తు అనే సీరియల్ నుంచి వచ్చింది, రెండింట్లోనూ ప్రేమి విశ్వనాథే చేసింది. ఈ సంగతులు విమర్శకులు రాస్తారు, రాయాల్సిందే, నాకూ అలాగే తెలిశాయి. కానీ తెలుగులో ఆమె చేసిన దీప మాట్లాడే గొంతు ఎవరిది? మన సీరియళ్లలో చాలామంది నటులు కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చినవాళ్లు, వాళ్లకు వేరేవాళ్లు డబ్బింగ్ చెప్తారు. మా అవ్వకు ఆ గొంతులన్నీ గుర్తే. "ఈ గొంతు ఆ చానల్ల కోడలిది, ఈడ అత్తకు వెట్టిండ్రు" అని చెప్పేస్తుంది. డబ్బింగ్ చెప్పేవాళ్ల గురించి రివ్యూల్లో ఒక్క లైన్ ఉండదు. వినేవాళ్లకు నటులంటే వాళ్లే కదా. నాకు దీని మీద ఎప్పటినుంచో కోపం ఉంది, అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఇక కామెడీ. ఇక్కడ గొడవ వేరే.

2025 జనవరిలో ప్రైమ్‌లో సివరపల్లి వచ్చింది. హిందీలో 2020లో వచ్చిన పంచాయత్‌కు తెలుగు రూపం, మన తెలంగాణ పల్లెలో పెట్టి తీశారు, రాగ్ మయూర్ పంచాయతీ కార్యదర్శిగా చేశాడు. నేను చదివిన రెండు మూడు రివ్యూల్లో సగం పోలికే. అక్కడ అలా ఉంది, ఇక్కడ ఇలా ఉంది, ఒరిజినల్ చూసినవాళ్లకు కొత్తేముంది అని. అయ్యా, మా అవ్వకు హిందీ రాదు. వాడకట్టులో ఎవరికీ ఆ హిందీది ఉందన్న సంగతే తెలియదు. ఒరిజినల్ చూసినవాళ్ల కోసం ఆ మాట ఒక లైన్‌లో చెప్పి, చూడనివాళ్లకు ఎలా ఉంటుందో మిగతాది రాస్తే ఏం పోయింది?

నేను ఊరికి పోయినప్పుడు టీవీకి పెట్టి చూపించాను. అవ్వకు అది కథలా అనిపించలేదు. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక తెలంగాణలో గ్రామపంచాయతీలు 12 వేలు దాటాయి, ఊరికో కార్యదర్శి అని పెద్ద ఎత్తున కొత్తవాళ్లను తీసుకున్నారు. మా ఊరికీ అలాగే వేరే జిల్లా నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. ఇంజినీరింగ్ చదివి, చెట్లకు నీళ్లు పోయించే లెక్కలు రాసుకుంటూ, ఆఫీసులో ఫ్యాన్ తిరగక అరుగు మీద కూర్చునేవాడు. అవ్వ వాడికి ఎన్నోసార్లు పప్పుచారు పంపింది. సిరీస్‌లో ఆ కార్యదర్శి దిక్కుతోచక నిలబడ్డ సీన్ వస్తే అవ్వ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, "పాపం, మన సారు గిట్లనే ఉండె" అంది. ఈ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో, ఫ్లాట్‌లో ఒక్కడే కూర్చుని ల్యాప్‌టాప్‌లో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? నవ్వు పక్కన మనుషులుంటేనే వస్తుంది. నేను మొదట హనుమకొండలో ఒక్కదాన్నే చూసినప్పుడు నాకూ పర్వాలేదనిపించింది అంతే, అక్కడ నలుగురిలో చూస్తే అదే సీన్‌కు పొట్ట పట్టుకున్నాను.

యాస గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఏళ్ల తరబడి సినిమాల్లో మన మాట రౌడీకో, పనిమనిషికో, కమెడియన్‌కో పెట్టారు. అప్పుడు ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఇప్పుడు హీరో, హీరోయిన్ అదే మాట మాట్లాడితే "యాస కాస్త ఎక్కువైంది" అని రాస్తున్నారు. ఎక్కువ కావడం ఏంటి? మా జిల్లాలోని లంబాడిపల్లి నుంచి 2012లో మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్ మొదలైంది, గంగవ్వ మాట్లాడే మాటను రాష్ట్రమంతా విని నవ్వింది, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆమె మాట ఎవరికీ ఎక్కువ కాలేదే! పైగా తెలంగాణ యాస అంటే ఒకటే అనుకుంటారు. మా జగిత్యాల మాట వేరు, వరంగల్ మాట వేరు. పెళ్లయిన 14 ఏళ్లకు కూడా మా అత్తమ్మ నా మాట విని "కరీంనగరోల్ల మాట" అంటుంది. నటుడి మాటలో ఏ ఊరి యాస ఉందో, అది కుదిరిందో లేదో రాస్తే నేను ఆ రివ్యూను దండం పెట్టి చదువుతాను.

ఇంకోటి, నక్షత్రాలు. 5కు 2.75 అంటే ఏంటో ఇప్పటికీ నాకు తెలియదు. 2.5కు, 2.75కు మధ్య పావు నక్షత్రంలో ఏముంది? అమృతం తీసుకోండి. గుణ్ణం గంగరాజు గారి సీరియల్, జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది. అందులో అమృతరావు పాత్రకే ముగ్గురు మారారు, శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్. ముఖ్యపాత్రలో మనిషి మారితే సీరియల్ పని అయిపోయిందని ఎవరైనా అంటారు. అయిపోలేదు. ఆంజనేయులు, అప్పాజీ, సర్వం, ఆ హోటల్, ఓనరుతో ఆ గొడవలు, ఆ మనుషులు జనానికి చుట్టాలైపోయారు. ఇప్పటికీ మా పిల్లలు యూట్యూబ్‌లో పెట్టుకుని చూస్తారు. మొదటి నాలుగు ఎపిసోడ్‌లు చూసి దానికి ఎన్ని నక్షత్రాలు ఇచ్చి ఉండేవాళ్లో గానీ, ఆరో సంవత్సరం సంగతి అందులో ఎలా కనిపిస్తుంది? సీరియల్‌తో చుట్టరికం కుదరాలి, దానికి టైం పడుతుంది. గురువారం గురువారం వచ్చే టీఆర్పీలు కూడా ఎంతమంది పెట్టుకున్నారో చెప్తాయి గానీ ఎందుకు పెట్టుకున్నారో చెప్పవు.

కాబట్టి రివ్యూ చదవాలనిపిస్తే ముందు ఒకటి చూడండి, రాసినవాళ్లు ఎన్ని ఎపిసోడ్‌లు చూశారో చెప్పారా లేదా అని. చెప్పకపోతే నేను మూసేస్తాను. ఓటీటీవాళ్లు కొందరికి ముందే పంపిస్తారు, అలాంటివాళ్లు మొత్తం చూసి రాసే అవకాశం ఉంది, వాళ్లవి చదవొచ్చు. రోజూ వచ్చే సీరియల్ మొదటివారం రివ్యూ మాత్రం మీ టైం దండగ.

అవ్వకు ఇప్పుడు వేళ్లు నొస్తున్నాయి, వెయ్యి కావడం లేదు, ఆరువందల దగ్గరే ఆపేస్తోంది. టీవీ మాత్రం అదే టైంకు మోగుతుంది. మొన్న ఒక కొత్త సీరియల్ మొదలైందంటే ఫోన్ చేసి ఎట్లుందే అని అడిగాను. "ఇంకా గొంతులు వట్టుకోలే బిడ్డా, పదిహేను రోజులాగి అడుగు" అంది.