కోసిన మాత్రల స్ట్రిప్పులు కలిసిపోకుండా ఏం చేయాలి?

మీ నాన్నగారికి తొమ్మిది రకాల మాత్రలని, మెడికల్ షాపులో స్ట్రిప్పులు కోసి ఇస్తుంటే ఇంటికొచ్చాక ఏది ఎందుకో తెలియడం లేదని అడిగారు. నేను చెన్నైలో పదమూడేళ్లుగా ఫార్మసిస్టుని. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వైద్యానికి వచ్చే మనవాళ్లు మా షాపుకు రోజూ వస్తారు.

వాళ్లలో ఒక పెద్దావిడకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాశారు. దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. తోడుగా ఫోలిక్ యాసిడ్ కూడా ఇచ్చాం. మా దగ్గరున్నవి రెండూ చిన్న పసుపు మాత్రలే. కవర్ల మీద తమిళంలో రాసిచ్చాం. ఆవిడకు తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆ మాట మేం అడగలేదు. పది రోజులకు నోరంతా పూసి, మజ్జిగ కూడా మింగలేక వచ్చింది. వారం మాత్రను రోజూ వేసుకుందట. రక్తకణాలు పడిపోయి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. కోలుకుంది గానీ, ఆ ముఖం నాకింకా గుర్తే.

అప్పటి నుంచి ఆ మందు ఇచ్చేటప్పుడు ఏ రోజో అడిగి, కవరు మీద లావు మార్కర్‌తో 'మంగళవారం మాత్రమే' అని తెలుగులోనే రాస్తున్నాను. మీరూ అలాగే రాయించుకోండి. 1-0-1 అని వేస్తే చాలామంది పెద్దవాళ్లకు అర్థం కాదు. 'బీపీకి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక' అని ఉండాలి. ఏ జబ్బుకో రాయడం అన్నిటికన్నా ముఖ్యం. చదువు రానివాళ్లకు నేను సూర్యుణ్ణి, నెలవంకను గీసిస్తాను.

ఎక్స్‌పైరీ తేదీ చాలా స్ట్రిప్పుల మీద ఒక చివరే ఉంటుంది. ఆ చివర మీకు రాకపోతే బిల్లు అడిగి తీసుకోండి. అందులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. మడిచి అదే కవరులో పెట్టండి. థైరాయిడ్ మాత్రల్లాంటివి సీసాలో వస్తే వేరే డబ్బాలోకి మార్చకండి, తేమకు పాడవుతాయి.

సాయంత్రం ఏడు దాటితే షాపులో తీరిక ఉండదు. మధ్యాహ్నం వెళ్లండి. అక్కడ తెలుగు రాసేవాళ్లు లేకపోతే మార్కర్ మీరే పట్టుకెళ్లి, ఫార్మసిస్టు ఒక్కో మాత్ర చూపించి చెబుతుండగా కౌంటర్ దగ్గరే రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దాం అనుకోకండి.