ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువుకు సొంత హద్దులు ఉన్నాయా?

ఎంబీఏ తర్వాత ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో, అంటే సంస్థల్లో కంప్యూటర్ వ్యవస్థల తయారీ, వాడకం గురించి చదివే శాఖలో, పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నానని, అది కంప్యూటర్ సైన్సో మేనేజ్‌మెంటో తేలడం లేదని అడిగారు. ఉద్యోగం మాత్రం ఎక్కువగా మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లోనే దొరుకుతుంది. చిక్కంతా పరిశోధనాంశం దగ్గరే.

ఈ శాఖ వయసు తక్కువ. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గార్డన్ డేవిస్ వంటివారు 1960ల చివర్లో దీనికి డాక్టరేట్ చదువు మొదలుపెట్టారు. ఈ శాఖ పరిశోధనా పత్రిక ఎంఐఎస్ క్వార్టర్లీ 1977లో వచ్చింది. 2003లో అదే పత్రికలో బెన్‌బసాట్, జ్ముడ్ అనే ఇద్దరు ఆచార్యులు మన శాఖకు తానెవరో తెలియని సంక్షోభం వచ్చిందని రాశారు. ఐటీ వ్యవస్థ, దాన్ని తయారుచేసి నడిపే తీరు, వాడకం, ఫలితాలు: వీటికి దూరంగా జరిగితే అది మన పని కాదన్నది వారి వాదన. దానిపై పెద్ద రగడే జరిగింది.

నా పరిశోధనకు నేను తీసుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో వచ్చిన కార్డ్, అంటే రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ. కంప్యూటర్ సైన్సు ఆచార్యులొకరు ఇందులో కొత్త అల్గారిథం ఏదన్నారు. దానికి జవాబు అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ ఆచార్యులు మాత్రం అసలు చోట గిల్లారు: "కంప్యూటర్ తీసేస్తే మిగిలేది మామూళ్ల కథే కదా?" తీసేసి చూశాను, కథ నిలబడలేదు. స్థలం విలువను కంప్యూటరే లెక్కగట్టేది, ఈసీ (ఆస్తిపై పాత లావాదేవీలు చూపే పత్రం) నిమిషాల్లో చేతికొచ్చేది. అయినా జనం కౌంటర్‌కన్నా ముందు దస్తావేజు లేఖరి బల్ల దగ్గరికే వెళ్లేవారు. ఏ కాగితం ఎలా ఉంటే లోపల పని సాగుతుందో ఆయనకే తెలుసు. కొత్త వ్యవస్థలోనూ ఆయన అవసరం ఎందుకు తీరలేదన్నదే ప్రశ్న. ఇది నికరంగా మన శాఖ ప్రశ్నే.

అలాగని ఆ గిరిలోనే కూర్చోనక్కర్లేదు. కార్డ్ వచ్చాక కూడా అవినీతి పోలేదని సూటిగా చెప్పిన వ్యాసం 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అది మా శాఖ పత్రిక కాదు. మా పత్రికలకే కట్టుబడి ఉంటే నాకది కనబడేదే కాదు. అందుకే బెన్‌బసాట్, జ్ముడ్ గీసిన గీతను పరిశోధనాంశం ఎంచుకునేటప్పుడు వాడుకోండి, చదివేటప్పుడు పక్కన పెట్టండి.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయండి. మీకు గైడ్‌గా ఉండబోయేవారి పాత విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు తీసి, ఎవరెవరి వ్యాసాలు ఏ పత్రికల్లో వచ్చాయో చూడండి. కొందరి దగ్గర అంతా గణాంక నమూనాలే, కొందరి దగ్గర క్షేత్ర పరిశీలనే. శాఖ పేరు ఒకటే అయినా ఆ రెండుచోట్లా మీ అయిదేళ్లు ఒకేలా గడవవు.