పరదేశంలో పొద్దుటి టిఫిన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, నెల రోజులుండి వెళ్లమంటున్నాడు. నేను గుడ్డు తింటాను గానీ నీసు ముట్టను. మావారికి షుగరు. ఉప్మా రవ్వ, అటుకులు మూటగట్టుకోవాలా, అక్కడి టిఫిన్లు మాకు పడతాయా?
– ఓ పాఠకురాలు, పలాస

జవాబు: మూటలు అక్కర్లేదండీ. కాయా టోస్టుతో మొదలుపెట్టండి. కొబ్బరిపాలు, గుడ్లు, పంచదార, పాందాన్ అనే సువాసన ఆకు కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పితే వచ్చేది కాయా. కాల్చిన పల్చటి రొట్టె ముక్కల మధ్య దాన్ని రాసి, చల్లటి వెన్న బిళ్లలు పెట్టిస్తారు. పూర్తిగా కరిగితే రొట్టె మెత్తబడిపోతుంది, అందుకే రాగానే తినేయాలి.

దాంతోపాటు రెండు గుడ్లు వస్తాయి. మనం ఉడకబెట్టినట్టు గట్టిగా ఉండవు. వేడినీళ్లలో కాసేపు ఉంచి తీస్తారు కాబట్టి తెల్లసొన కూడా జారుగానే ఉంటుంది. సాసర్లో పగలగొట్టి, సోయా సాస్ నాలుగు చుక్కలు, తెల్ల మిరియాల పొడి వేసి కలిపి, టోస్టు ముంచుకుని తింటారు. వేరే ఉప్పు వేయకండి, సాస్‌లో ఉన్నదే చాలు. పచ్చిసొన వాసన గిట్టకపోతే టోస్టు మాత్రమే తీసుకోండి.

మీవారికి షుగరన్నారు, చిక్కంతా కాఫీ దగ్గరే. ఉత్తి ‘కోపి’ అంటే డబ్బాలోని తీపి పాలు పోసిస్తారు. పంచదార వద్దన్నా ఆ పాలలోని తీపి ఎక్కడికీ పోదు. ‘కోపి ఓ’లో పాలుండవు, పంచదార ఉంటుంది. ‘కోపి సి’లో తీపి లేని చిక్కటి పాలు పోసి, పంచదార వేస్తారు. చివర ‘కోసోంగ్’ చేరిస్తే ఆ పంచదార మానేస్తారు. కాబట్టి ఆయన అడగాల్సింది ‘కోపి సి కోసోంగ్’. టీకైతే ‘తే సి కోసోంగ్’. ఇంకోటి, సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఎనిమిదంటే ఇక్కడ అయిదున్నర, మొదటి రోజుల్లో ఆకలి వేయదు. ఆకలి లేదని టిఫిన్ మానేసి మాత్ర వేసుకుంటే ప్రమాదం. మాత్రల వేళలు బయల్దేరేముందే డాక్టరు గారితో మాట్లాడి పెట్టుకోండి.

రోటీ ప్రాటా కూడా మీకు నచ్చుతుంది. మన పరోటాలా పొరలు పొరలుగా వస్తుంది. నంజుకోడానికి చేపల పులుసో మాంసం కూరో పోసేస్తారు, అందుకే పోయకముందే పప్పు కావాలని చెప్పాలి. కొబ్బరిపాలతో వండిన అన్నం ‘నాసి లెమాక్’ జోలికి మాత్రం వెళ్లకండి. పైన చల్లిన వేపుడు నెత్తళ్లు ఏరేసినా లాభం లేదు, పక్కన వేసే ఎర్ర మిరప పచ్చడిలోనే పులిసిన రొయ్యల ముద్ద ఉంటుంది.

హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాల్లో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ చోటు ఎవరిదో అని అర్థం. తిన్నాక పళ్లెం మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న: వియత్నాం వెళ్తున్నాం. కోడి, చేప, గుడ్డు తింటాం. గొడ్డుమాంసం, పందిమాంసం వద్దు. పొద్దున్న ఏం తినొచ్చు?
– ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఫో తినకుండా రావద్దు. బియ్యపు నూడుల్స్ మీద వేడివేడి రసం పోసిస్తారు. ‘ఫో బో’ గొడ్డుమాంసంతో, ‘ఫో గా’ కోడితో చేసేది. పైన వేసిన ముక్కలు చూసి నిశ్చింత పడకండి, అడగాల్సింది రసం గురించి. దాల్చినచెక్క, అనాసపువ్వు, కాల్చిన అల్లం వేసి గంటల తరబడి మరిగించేది ఎముకల్నే. రెండు రకాలూ అమ్మే చోట కుండ ఒకటేనా, వేరేనా అని మనకు తెలియదు. బోర్డు మీద ‘ఫో గా’ ఒక్కటే ఉన్న కొట్టు వెతుక్కోండి. ముందు ఉత్తి రసం ఒక చెంచా రుచి చూసి, ఆ తర్వాతే నిమ్మ, మిరప, ఆకులు వేసుకోండి. కడుపు సున్నితమైతే పచ్చి ఆకులు మరిగే రసంలో ముంచి తినండి.

బాన్ మీ రొట్టెలో గుడ్డు పెట్టించుకుంటే సరే, కానీ ముందుగా రాసే పాతే సాధారణంగా పంది కాలేయంతో చేస్తారు. ‘ఖోంగ్ పాతే’ అంటే అది రాయరు. పెసరపప్పు, వేరుశెనగ వేసిన జిగురన్నం ‘సోయ్’ పొద్దున్నే రోడ్డు పక్కన దొరుకుతుంది. దాని మీద పొట్టులా పొడిగా చేసిన పందిమాంసం, కొవ్వులో వేయించిన ఉల్లి చల్లుతుంటారు, చల్లకముందే చెయ్యి అడ్డం పెట్టండి. పల్చగా ఆవిరి మీద తీసే బాన్ కువాన్ చూడ్డానికి శాకాహారంలా ఉన్నా లోపల ఉండేది పంది ఖీమానే. ‘చాయ్’ అని బోర్డున్న చోట శాకాహారం దొరుకుతుంది. వాళ్ల చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే అమావాస్య, పున్నములప్పుడు, చాలామంది బౌద్ధులు చాయ్ తింటారు కనుక ఆ రెండు రోజులూ ఎక్కువ రకాలుంటాయి.

ప్రశ్న: మలేషియా వెళ్తున్నాం. మా నాన్నగారు గుడ్డు కూడా తినరు. ఆయన సంగతేంటి?
– ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: కాయాలో గుడ్డుంటుంది, అది వదిలేయండి. రోటీ చనాయ్ (పైన చెప్పిన ప్రాటా లాంటిదే) పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు, అడిగి తీసుకోవాలి. పుట్టు మాయం ఆయనకు నిశ్చింతగా పెట్టొచ్చు. బియ్యప్పిండి సేమ్యాను ఆవిరి మీద ఉడికించి, పైన కొబ్బరికోరు, తాటి కుటుంబపు చెట్ల బెల్లం వేసిస్తారు. చల్లారితే గట్టిపడుతుంది, వేడిగా దించుతున్న చోటే తినిపించండి.