బొల్లి మచ్చలను దాచనంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. మూడేళ్ల క్రితం కనురెప్ప పక్కన మొదలైన తెల్లమచ్చ ఇప్పుడు నోటి చుట్టూ, చేతివేళ్ల మీద కూడా కనిపిస్తోంది. బొల్లి అని డాక్టర్లు చెప్పారు. ఇన్నాళ్లూ మేకప్‌తో కప్పుకునేది. ఈమధ్య అది మానేసి, మచ్చలు కనిపించే ఫొటోలు ఆన్‌లైన్‌లో పెడుతోంది. బడిలో తోటి పిల్లల ముందు దీని గురించి మాట్లాడతానంటోంది. ‘నేనిలాగే బాగున్నాను, మందులెందుకు’ అంటోంది. నలుగురూ ఏమంటారోనని మాకు భయంగా ఉంది. వద్దని చెప్పమంటారా? – ఒక తల్లి

జవాబు: వద్దనకండి, మాట్లాడనివ్వండి. మందులు వాడాలా వద్దా అన్నది వేరే సంగతి. దాన్ని మీరు, అమ్మాయి, డాక్టరు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. చికిత్స తీసుకుంటే తనను తాను కాదనుకున్నట్టేనని ఆమె అనుకుంటున్నట్టుంది, దాచుకుంటేనే పరువు నిలుస్తుందని మీరు అనుకుంటున్నారు. ఈ రెండూ సరికాదు.

రోగులను చూసే నా గదిలో తరచూ ఒక దృశ్యం కనిపిస్తుంటుంది. పిల్లవాడు కుర్చీలో కూర్చోగానే చేతులు తొడల కింద పెట్టుకుంటాడు. మచ్చ ఎప్పుడు వచ్చిందని వాడిని అడిగితే జవాబు తల్లి చెబుతుంది, అదీ గొంతు బాగా తగ్గించి. ఇది సిగ్గుపడాల్సిన విషయమని పిల్లలు మొదట తెలుసుకునేది బడిలో కాదు, ఇలా ఇంట్లోవాళ్ల గొంతులోనే. మీ అమ్మాయి దాన్ని దాటి వచ్చింది. ఒక వైద్యుడిగా నాకు అది చాలా సంతోషం కలిగించింది.

ప్రపంచ జనాభాలో సుమారు 0.5 నుంచి 2 శాతం మందికి బొల్లి ఉంటుంది. దాదాపు సగం మందిలో 20 ఏళ్లు నిండకముందే మొదలవుతుంది కాబట్టి, దీని గురించి పిల్లలకు పిల్లలే చెప్పడం ఎంతో అవసరం. 1993లో మైకేల్ జాక్సన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో తన చర్మం రంగు కోల్పోతోందని చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆయన మరణానంతరం జరిగిన పోస్ట్‌మార్టంలో అది బొల్లి అని తేలింది. ఆయన కన్నుమూసిన జూన్ 25వ తేదీనే 2011 నుంచి ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు. ఆ తర్వాత కెనడాకు చెందిన విన్నీ హార్లో మచ్చలను కప్పకుండానే మోడల్‌గా పేరు తెచ్చుకోవడంతో, అద్దంలో తమను చూసుకోవడానికే జంకే పిల్లలకు తమలాంటి ముఖం పత్రికల్లో కనిపించింది.

అమ్మాయి మాట్లాడేటప్పుడు విషయం సరిగ్గా చెప్పడం ముఖ్యం. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలు, చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను శత్రువులుగా పొరబడి దెబ్బతీయడం వల్ల బొల్లి వస్తుంది. ఇది తాకితే అంటుకోదు, కలిసి తింటే రాదు, ఎవరూ చేసిన తప్పుకు ఫలితమూ కాదు. కుష్ఠు వ్యాధితో దీనికి సంబంధమే లేదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. బొల్లిలో అలా జరగదు. మీ అమ్మాయి కళ్లు మూసుకుని చెయ్యి చాపితే, మచ్చ మీద స్నేహితురాలు దూది కొసతో తాకినా ఎక్కడ తాకిందో వెంటనే చెప్పగలదు. ఆమెకు ఇష్టమైతే క్లాసులో ఇదే చేసి చూపించవచ్చు. ఉపన్యాసం కన్నా అది బాగా గుర్తుండిపోతుంది.

ఇక చికిత్స. బొల్లి ప్రాణాపాయం కాదు, వద్దనుకునే హక్కు ఆమెకు ఉంది. అయితే మచ్చలు ఇంకా వ్యాపిస్తున్నాయని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. వ్యాప్తిని ఆపడానికి, రంగు తిరిగి తెప్పించడానికి తొలి సంవత్సరాల్లోనే అవకాశం ఎక్కువని తెలిసి ఆమె నిర్ణయించుకోవాలి. ముఖం మీది మచ్చలు చికిత్సకు బాగా లొంగుతాయి, వేళ్ల కొసల మీదివి మొండికేస్తాయి. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే రంగు రావడం మరింత కష్టం. స్టెరాయిడ్, టాక్రోలిమస్ పూతమందులతో పాటు, వారానికి రెండు మూడుసార్లు ఇచ్చే నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతిచికిత్స ఉంది. దీనికి నెలల తరబడి ఓపిక కావాలి. ఫలితం మొదలైనప్పుడు తెల్లమచ్చలో వెంట్రుకల మొదళ్ల దగ్గర చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు పొడుస్తాయి. 12 ఏళ్లు దాటినవారికి రక్సోలిటినిబ్ క్రీమును 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. ఏది తగినదో పరీక్షించిన డాక్టరే చెప్పాలి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, బొల్లి ఉన్నవారిలో ఆ సమస్య కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఎండలోకి వెళ్లేటప్పుడు మచ్చల మీద సన్‌స్క్రీన్ రాయడం, చర్మం గీరుకుపోకుండా చూసుకోవడం మందులు వాడినా వాడకపోయినా అవసరమే. గాయమైన చోట కొత్త మచ్చ రావచ్చు.

మీరు భయపడాల్సిన చోటు ఒకటే. ఆమె ఫొటోల కింద ఎగతాళి చేసేవాళ్లూ, ‘నెలలో పూర్తిగా నయం చేస్తాం’ అంటూ మందులు అమ్మజూపేవాళ్లూ తప్పక వస్తారు. ఆ ఖాతాను ఆమెతో కలిసి మీరూ చూస్తూ ఉండండి. ఎవరికి జవాబివ్వాలో, ఎవరిని అడ్డుకోవాలో ఇద్దరూ ముందే అనుకోండి. కొన్నాళ్లు ఆమెకు ఫొటో పెట్టాలనిపించకపోవచ్చు, మళ్లీ మేకప్ వేసుకోవాలనిపించవచ్చు. అప్పుడు ‘మరి అంత మాట్లాడావుగా’ అని అనకండి.

ఈసారి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫొటోలను తేదీల వారీగా ఫోన్‌లో పెట్టుకుని వెళ్లమనండి. ఏ మచ్చ ఎప్పుడు మొదలైందో, ఏది ఎంత పెరిగిందో, ఏది ఏడాదిగా కదలకుండా ఉందో డాక్టరుకు వాటిలోనే కనిపిస్తుంది.