ఇంటి భాష గడిలో ఏం రాయాలి?

ప్రశ్న: మాది కావలి. అమెరికా వచ్చి నెలైంది. బాబును బడిలో చేర్చే ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగారు. తెలుగని రాస్తే పిల్లాణ్ని వెనకబెంచీల్లో వేస్తారని ఇక్కడి మనవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తెలుగనే రాయమ్మా. మాది నెల్లూరు. పదిహేనేళ్ల కిందట నాకూ ఇదే టెన్షన్. మా పెద్దమ్మాయి ఫారంలో ఇంగ్లీషని రాసొచ్చాను. పిల్ల ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. టీచరు సిగ్గరి అనుకుంది. ఆ తప్పు నాదే.

వేరే భాష రాస్తే ముందు ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే పరీక్ష పెడతారు. వస్తే సరి, రాకపోతే సాయం చేస్తారు. ఇది వాళ్ల దయ కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లల తరఫున వేసిన లా వర్సెస్ నికోల్స్ కేసులో, ఇంగ్లీషు రాని పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టడం కుదరదని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సాయం అక్కర్లేదనిపిస్తే వద్దనే హక్కు నీకుంది, కాకపోతే ఏటా పరీక్ష మాత్రం తప్పదు. టీచరుతో మాట్లాడటానికి దుభాషిని అడుగు, డబ్బులు కట్టక్కర్లేదు. పిల్లాడి చేత మాత్రం చెప్పించుకోవద్దు, వాడి మార్కుల సంగతి వాడే చెబితే ఎట్లా ఉంటుందో నీకు తెలియంది కాదు.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినం. కొన్ని బళ్లలో ఆ రోజు గోడ మీద అన్ని భాషల్లో స్వాగతం అని అంటిస్తారు. మా చిన్నోడి బడిలో కంప్యూటరులో తీసిన తెలుగు కాగితం చూస్తే సకారం ఒకచోట, వావొత్తు ఇంకోచోట! స్కెచ్ పెన్ను అడిగి, అక్కడే నిలబడి చేత్తో రాసిచ్చాను.

ఆ రోజు కోసం బడివాళ్లు మన భాషలో పలకరింపు మాట చెప్పమంటే 'శుభోదయం' అని పంపకు. మన ఇళ్లల్లో ఎవరంటారు ఆ మాట? మా అమ్మ నెల్లూరు నుంచి "ఏంది నాయనా, అన్నం తిన్నావా?" అని వీడియో పంపితే, అది క్లాసులో చూపించారు. మర్నాడు బస్సు దగ్గర ఒక మెక్సికో పిల్లాడు మావాణ్ని "అన్నం తిన్నావా" అని పలకరించాడు. మావాడు తినలేదని తెలుగులోనే జవాబిచ్చాడు.

వీడియో రెండు నిమిషాలు దాటనివ్వకు. మా అమ్మ చేపల పులుసు మొదలుపెట్టి, మామిడికాయ ముక్కలు వేసేదాకా ఆపలేదు.