ఏదీ కదలకపోయినా ఫ్రేమ్ రేట్ ఎందుకు పడిపోతోంది?

త్రీ జేఎస్‌లో (బ్రౌజర్‌లో త్రీడీ బొమ్మలు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) 6 వేల ఆబ్జెక్టులున్నాయి, కదిలేవి ఇరవైకి మించవు, అయినా ఫోన్‌లో ఆగి ఆగి నడుస్తోంది, మ్యాట్రిక్స్ ఆటోఅప్‌డేట్ (ఆబ్జెక్టు స్థానాన్ని ప్రతి ఫ్రేమ్‌లో దానంతటదే లెక్కగట్టే సెట్టింగ్) ఆపేస్తే చాలా అని కదా మీ ప్రశ్న. చాలావరకు చాలు. కాకపోతే నేను ఆ పనే చేసి రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నాను.

నాది ఒక గోడౌన్ త్రీడీ వ్యూ. ర్యాకులు, వాటి నిండా అట్టపెట్టెలు, మధ్యలో తిరిగే నాలుగు ఫోర్క్‌లిఫ్టులు. ఏ పనికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ తెరిస్తే అన్నిటికంటే పైన, ఈ స్థానాలు లెక్కగట్టే అప్‌డేట్ మ్యాట్రిక్స్ వరల్డ్ ఫంక్షనే ఉంది. ఆటోఅప్‌డేట్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేమ్‌లో ప్రతి నోడ్‌కీ (అంటే ప్రతి ఆబ్జెక్టుకీ) పొజిషన్, రొటేషన్, స్కేల్ కలిపి లోకల్ మ్యాట్రిక్స్‌ని, అంటే పేరెంట్ (అది అతుక్కుని ఉన్న పై నోడ్) లెక్కన దాని స్థానాన్ని, మళ్లీ కడుతుంది. అసలు ఏమైనా మారిందా అని చూడదు. కట్టింది కాబట్టి వరల్డ్ మ్యాట్రిక్స్ (మొత్తం సీన్ లెక్కన స్థానం) కూడా పాతబడిందనుకుని పేరెంట్‌తో మళ్లీ గుణిస్తుంది. 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి మన చేతిలో ఉండేది 16.6 మిల్లీసెకన్లే.

అన్నిటికీ ఒక్క దెబ్బతో ఆఫ్ చేశాను. ఫ్రేమ్ రేట్ లేచింది, ఫోర్క్‌లిఫ్టులు మాత్రం ఎక్కడివక్కడ నిలబడిపోయాయి! కన్సోల్‌లో పొజిషన్ చక్కగా మారుతోంది, తెర మీద కదలిక లేదు, ఎర్రర్ కూడా లేదు. పొజిషన్ మార్చాక అప్‌డేట్ మ్యాట్రిక్స్‌ని మనమే పిలవాలన్నది మర్చిపోయాను. అందుకే ఇప్పుడు ర్యాకులు, పెట్టెలకు మాత్రమే ఆఫ్ చేసి, వాటికి అప్‌డేట్ మ్యాట్రిక్స్‌ని ఒక్కసారి పిలిచి వదిలేస్తాను. కదిలేవాటిని ఆటోలోనే ఉంచుతాను. ఇరవై నోడ్ల కోసం కుస్తీ దండగ.

నేను ఆలస్యంగా పట్టుకున్న దొంగ ఇంకొకటుంది. పెట్టెల మీద లేబుళ్ల కోసం లూప్‌లో గెట్ వరల్డ్ పొజిషన్ (ఆబ్జెక్టు సీన్‌లో ఎక్కడుందో చెప్పే ఫంక్షన్) వాడాను. దాన్ని పిలిచిన ప్రతిసారీ పేరెంట్ల వరుసంతా పైదాకా అప్‌డేట్ చేసుకుంటూ వస్తుంది. అది తీసేసి మ్యాట్రిక్స్ వరల్డ్‌ని నేరుగా చదివితే, ఫోర్క్‌లిఫ్ట్ లేబుళ్లు బండి వెనక ఒక ఫ్రేమ్ ఆలస్యంగా పరిగెత్తాయి, ఎందుకంటే అసలు అప్‌డేట్ జరిగేది రెండర్ (సీన్‌ని తెర మీద గీసే పని) లోపల. చివరికి పొజిషన్లు మార్చాక సీన్ మొత్తాన్ని నేనే ఒకసారి అప్‌డేట్ చేసి, లేబుళ్లు పెట్టి, రెండర్‌లో అదే పని మళ్లీ జరగకుండా సీన్‌కి మ్యాట్రిక్స్ వరల్డ్ ఆటోఅప్‌డేట్ ఆఫ్ చేశాను.

ఇంత చేసినా ఒక్కో నోడ్‌నీ పలకరించుకుంటూ పేరెంట్లు, పిల్లల నోడ్ల చెట్టంతా తిరగడం తప్పదు. అది తగ్గాలంటే నోడ్లే తగ్గాలి. ఒకేరకం పెట్టెలైతే ఇన్‌స్టాన్స్‌డ్ మెష్‌లో (ఒకే ఆకారాన్ని చాలాచోట్ల ఒకేసారి గీసే ఒక్క ఆబ్జెక్టు) వేయండి, డ్రా కాల్స్ (గీయమని జీపీయూకి ఇచ్చే ఆదేశాలు) కూడా తగ్గుతాయి. దాని తిప్పలు దానికున్నాయి: ఒక్క పెట్టె జరిపి నీడ్స్ అప్‌డేట్ (డేటా మారిందని చెప్పే గుర్తు) అన్నా మామూలుగా అన్ని పెట్టెల మ్యాట్రిక్స్‌లున్న మొత్తం బఫర్ జీపీయూకి వెళ్తుంది, ఒక్కో మ్యాట్రిక్స్ 64 బైట్ల చొప్పున 6 వేలకు 384 వేల బైట్లు. పైగా కెమెరాకి ఒక మూల కనిపించినా అన్ని పెట్టెలూ గీస్తుంది. నేనైతే ర్యాకుల వరుసకో మెష్ చొప్పున విడగొట్టాను.